నూట నలభై మూడో పేజీ

పరిశోధన చేసేవాళ్లలో సగం మందికి జుట్టు ఊడేది పరిశోధన వల్ల కాదు, పుస్తకం చివర వచ్చే ఆ జాబితా వల్ల. ఏ మాట ఎవరన్నారు, ఏ ఏడు అన్నారు, ఏ పేజీలో అన్నారు అని వరసగా రాసే జాబితా. కామా పెడితే ఒక పత్రిక తిప్పి పంపిస్తుంది, తీసేస్తే ఇంకో పత్రిక తిప్పి పంపిస్తుంది. పూర్వం దీనికోసం ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి కార్డుల మీద రాయించుకున్న మహానుభావులు ఉన్నారు. ఇప్పుడా బాధ లేదు. దానికో సాఫ్ట్‌వేర్ వచ్చింది.

మన కథ జరిగిన విభాగంలో ఆ సాఫ్ట్‌వేర్‌ని అందరూ ముద్దుగా బీరువా అనేవాళ్లు. అది చెవుల మీద, వినికిడి మీద పరిశోధన చేసే విభాగం. ఒక వ్యాసమో పుస్తకమో దొరికితే దాని వివరాలు ఒక్కసారి బీరువాలో పెట్టాలి. ఆ తర్వాత రాసుకునేటప్పుడు ఎక్కడ పిలిస్తే అక్కడికి వచ్చి వాక్యం పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. వెనక జాబితాలో తన వరస తనే వెతుక్కుంటుంది. బీరువాలో ఒక అక్షరం దిద్దితే, దాన్ని వాడుకున్న ప్రతి రాతలోనూ, రిఫ్రెష్ అనే బొత్తాం నొక్కగానే ఆ అక్షరం దిద్దుకుపోతుంది. విభాగం మొత్తానికీ ఒకటే బీరువా. ఇందులో ఎంత సుఖం ఉందో అంత ప్రమాదమూ ఉంది. సుఖం సంగతి అందరికీ తెలుసు. ప్రమాదం సంగతి కనిపెట్టింది సాక్ష్యం.

సాక్ష్యం అంటే మనిషే. చిన్నప్పుడు అమ్మమ్మ పాలగ్లాసు చేతికిచ్చి "తాగు, పొడుగవుతావు" అంటే "ఎవరు చెప్పారు? నువ్వు తాగి చూశావా?" అని అడిగిందట. అమ్మమ్మ పొట్టిమనిషి. "ఈ పిల్లకి సాక్ష్యం లేనిదే గుటక దిగదు" అని ఆవిడ అన్న మాట పేరైపోయింది. ఇంట్లో సాక్ష్యం, బడిలో సాక్ష్యం, ఆఖరికి విభాగంలోనూ సాక్ష్యమే.

ఈ సాక్ష్యం డాక్టరేటు కోసం పుస్తకం రాయడం పూర్తయింది. మరమగ్గాల మిల్లుల్లో పనిచేసేవాళ్ల వినికిడి మీద ఏళ్ల తరబడి చేసిన పని. ఇక మిగిలింది గైడు సంతకం. ఆ సంతకం పడి, నెలాఖరులోగా పుస్తకం ఆఫీసులో అందితే ఒక కాలేజీలో ఉద్యోగం ఆమె కోసం కాచుకుని ఉంది. అందకపోతే ఇంకొకరి కోసం కాచుకుంటుంది. ఉద్యోగాలకి మొహమాటాలుండవు.

గైడుగారిని విభాగంలో పరిశోధన చేసే పిల్లలు వెనకాల చూద్దాం సారు అనేవాళ్లు. సెలవడిగితే చూద్దాం. కొత్త మిషను అడిగితే చూద్దాం. ఆయన చూద్దామన్నది మళ్లీ ఎవరి కంటా పడలేదని విభాగంలో సామెత. ఆయన పేరు మోగిపోయింది మాత్రం ఒకే ఒక్క వ్యాసం వల్ల, అందులోనూ ఒక్క వాక్యం వల్ల. "మగ్గం దగ్గర పదేళ్లు నిలబడిన చెవి మొదట పోగొట్టుకునేది పెద్ద చప్పుళ్లను కాదు, పసిపిల్లల గొంతును." ఈ వాక్యం ఉపన్యాసాల్లో చెప్పారు, గోడల మీద రాశారు, ఆయనకి శాలువా కప్పినప్పుడల్లా చదివారు. సాక్ష్యం ఈ చదువులోకి వచ్చిందే ఆ వాక్యం పట్టుకుని. వాళ్ల నాన్న మిల్లులో మగ్గం నడిపిన మనిషి.

ఆ విభాగంలో రెండు ఆచారాలుండేవి. ఒకటి, పుస్తకం పూర్తిచేసి బయటికి వెళ్లబోయేవాళ్ల చేతికి బీరువా తాళం వస్తుంది. ఒకటే రెండుసార్లు పడితే ఆ నకళ్లు ఏరడం, తప్పులు దిద్దడం వాళ్ల పని. రెండోది, ఇంతకుముందు ఎవరెవరు ఏం చేశారో చెప్పే మొదటి అధ్యాయం ఎవరూ కొత్తగా రాయరు. పై తరగతివాళ్ల దగ్గర తీసుకుని, తలో నాలుగు పేరాలు చేర్చి, కింది తరగతికి ఇస్తారు. అత్తగారి గొలుసు కోడలికి వచ్చినట్టు వస్తుందది. గొలుసుకి మకిలి పడితే తోముతారేమో గాని ఈ అధ్యాయాన్ని ఎవరూ తోమలేదు.

సాక్ష్యం తోమింది. సంతకానికి ఇచ్చేముందు, తను పేరెత్తిన ప్రతి వ్యాసం తెరిచి, చెప్పిన పేజీలో చెప్పిన మాట ఉందో లేదో చూడటం మొదలుపెట్టింది. విభాగంలో అందరూ నవ్వారు. ఆమె నవ్వించుకుంటూనే చూసుకుపోయింది. అలా చూస్తూ చూస్తూ సారు వ్యాసం దగ్గర ఆగింది. గోడల మీదికెక్కిన ఆ వాక్యం పక్కన, సారు పేరు తర్వాత, నూట నలభై మూడో పేజీ అని ఉంది.

సారు వ్యాసం పన్నెండు పేజీలు. పత్రికలో ముప్ఫై ఒకటో పేజీలో మొదలై నలభై రెండులో అయిపోతుంది. ఆ సంచిక మొత్తం అట్టలతో కలిపినా వంద పేజీలు లేవు.

ఆ అధ్యాయం మొట్టమొదట రాసింది అన్న. ఒకప్పుడు సారు శిష్యుడే, ఇప్పుడు అదే విభాగంలో లెక్చరరు. వయసులో పెద్ద, మనసులో మెత్తన, ఎవరికీ ఎదురు చెప్పడు గనక అందరికీ అన్నే. సాక్ష్యం నేరుగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది.

"అన్నా, పన్నెండు పేజీల వ్యాసంలో నూట నలభై మూడో పేజీ ఎక్కడుంటుంది?"

అన్న టీ తాగుతున్నాడు. "టైపులో తప్పు పడుంటుంది. దిద్దెయ్."

"ఏమని దిద్దను? నూట పద్దెనిమిది అని ఇంకోచోట ఉంది. నూట అరవై అని మరోచోట ఉంది. తప్పులన్నీ కూడబలుక్కుని ఒకే పక్కకి పడతాయా?"

"నీకేం పని లేదా?"

"ఇదే నా పని."

అన్న గ్లాసు కింద పెట్టాడు. తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "లైబ్రరీలో పై అంతస్తుకి వెళ్లు. పాత బైండు పుస్తకాలుంటాయి. ఆకుపచ్చ అట్ట. నేను చెప్పానని మాత్రం అనకు."

"ఏ మాట ఎవరు చెప్పారో రాయకపోతే నాకు నిద్రపట్టదన్నా."

"ఈ ఒక్కదానికీ మాత్ర వేసుకుని పడుకో తల్లీ."

పై అంతస్తులో దుమ్ము, ఒక విరిగిన ఫ్యాను, గోడ పొడుగునా బైండు పుస్తకాలు. ఆకుపచ్చ అట్ట పుస్తకం కింది వరసలో దొరికింది. సారు వ్యాసానికి ఉన్న శీర్షికే దీనికీ ఉంది. ఏడు మాత్రం వ్యాసానికి చాలా ముందుది. రాసింది ఎవరో ఒకావిడ. గైడు అన్నచోట సారు పేరు. సాక్ష్యం అక్కడే నేల మీద కూర్చుని నూట నలభై మూడో పేజీ తీసింది. వాక్యం ఉంది. కామాతో సహా ఉంది. నూట పద్దెనిమిదిలో ఉండాల్సింది ఉంది, నూట అరవైలో ఉండాల్సింది ఉంది.

జరిగిందేమిటో ఆమెకి కూర్చున్నచోటే అర్థమైపోయింది. అన్న ఆ అధ్యాయం రాసినప్పుడు బీరువాలో ఈ పుస్తకం ఈవిడ పేరు మీదే ఉంది. దాన్ని పిలిచి, పేజీ నంబరు తన చేత్తో వేసుకున్నాడు. తర్వాత ఎప్పుడో నకళ్లు ఏరే రోజున, రెండిటికీ ఒకే శీర్షిక ఉందని చూసి బీరువా అడిగింది, ఇవి రెండూ ఒకటేనా, కలిపేయమంటారా అని. దాని అలవాటది, అడుగుతుంది. పాపం దాని తప్పేం లేదు. ఎవరో కలిపెయ్యమన్నారు, ఏ పేరు ఉంచాలంటే సారు పేరు ఉంచమన్నారు. అంతే, విభాగంలో ఉన్న రాతలన్నిటిలోనూ రాత్రికి రాత్రే ఆవిడ పోయి సారు వచ్చాడు. పేజీ నంబర్లు మాత్రం బీరువాలో ఉండవు, రాసినవాళ్ల వాక్యంలో ఉంటాయి. వాటినెవరూ ముట్టుకోలేదు. ఇంటిమీద పేరు మారింది గాని ఇంట్లో మనిషి అక్కడే ఉంది.

సారు వ్యాసం చివర కృతజ్ఞతలు కూడా తీసి చూసింది. టైపు చేసినతనికి కృతజ్ఞతలు ఉన్నాయి. కరెంటు బాగుచేసినతనికి ఉన్నాయి. ఆవిడకి లేవు. సాక్ష్యానికి ఒళ్లు మండిపోయింది. పుస్తకం చంకలో పెట్టుకుని, లైబ్రరీవాళ్ల దగ్గర సంతకం చేసి, ఇంటికి నడిచింది.

ఇంటి ముందుగదే అమ్మ కుట్టుకొట్టు. అమ్మ చొక్కాకి కాలరు వేస్తోంది. నాన్న కిటికీ పక్కన కూర్చుని బొత్తాలు ఏరుతున్నాడు. ఆయనకి వినిపించేది తక్కువ. పిలవాలంటే అమ్మ కత్తెరతో బల్ల మీద కొడుతుంది, ఆ అదురు ఆయన మోచేతికి తెలుస్తుంది. సాక్ష్యం జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. బీరువా దగ్గరికి వచ్చేసరికి అమ్మ మిషను ఆపింది.

"అంటే నేను కుట్టిన చొక్కాకి పక్క కొట్టువాడు తన పేరు చీటీ కుట్టుకున్నాడు."

"అంతే. కొలతలు మాత్రం నీవే ఉన్నాయి. ఆ కొలతల్ని పట్టే దొరికాడు."

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. పెద్దపెద్దవాళ్లంతా అంతేనే. సరే, నీకెందుకు? సంతకం పెట్టించుకుని బయటపడు. ఉద్యోగంలో చేరాక వెనక్కెళ్లి నాలుగు కడిగెయ్."

"అప్పుడు కడిగితే ఏం లాభమే? అబద్ధం నా పుస్తకంలోనే అచ్చయి కూర్చుంటుంది."

"అబద్ధం ఆయనది. నువ్వు రాసిందా?"

"నా అట్ట మీద నా పేరుంటుంది కదమ్మా."

అమ్మ మిషను గట్టిగా తొక్కింది. సాక్ష్యం ఒక గుడ్డముక్క మీద సుద్దతో రాసి నాన్నకి చూపించింది. మిల్లులో మీ చెవులు పరీక్ష చేసిన సారు ఎవరు అని. నాన్న చదివి, తనకి తెలియకుండానే వీధంతా వినబడేలా అరిచాడు.

"సారా? ఏ సారు? సారెవరూ రాలేదే! చెవులమ్మ వచ్చింది!"

చెవులమ్మ అని మిల్లువాళ్లు పెట్టిన పేరు. ఎండనక వాననక వచ్చేదట. షిఫ్టు దిగినవాళ్లని గోడౌనులో కూర్చోబెట్టి, చెవులకి డబ్బాలు తగిలించి, కూత వినబడితే వేలెత్తమనేదట.

"మేమేం తక్కువా! వినబడదంటే పనిలోంచి తీసేస్తారని ఊరికే ఎత్తేసేవాళ్లం. ఆవిడ మాకంటే గట్టిది. కూత పెట్టకుండానే పెట్టినట్టు చూసేది. మేం వేలెత్తేవాళ్లం. నవ్వేది. మళ్లీ మొదటినుంచీ పెట్టేది."

"ఇప్పుడెక్కడుందో తెలుసా?" అని సాక్ష్యం పెదాలతో అడిగింది.

నాన్నకి తెలియదు. మిల్లు యూనియన్ ఆఫీసులో తెలిసింది. మందులషాపు మీద మేడగదిలో చెవి మిషన్లు అమరుస్తోందట, చాలా ఏళ్లనుంచీ.

మర్నాడు నాన్నని వెంటబెట్టుకుని వెళ్లింది సాక్ష్యం. మెట్లు ఇరుకు. గదిలో గోడలకి మందపాటి గుడ్డ కొట్టి ఉంది. బల్ల వెనక తెల్లజుట్టు మనిషి ఒక మిషనుకి బ్యాటరీ మారుస్తోంది. తలెత్తి నాన్నని చూసి ఆగిపోయింది.

"మూడో షెడ్డు కదూ మీరు? ఊరికే వేలెత్తే మనిషి."

నాన్నకి వినపడలేదు గాని, సంగతి అర్థమై వేలెత్తాడు. ముగ్గురూ నవ్వారు. ఆకుపచ్చ పుస్తకం బల్లమీద పెట్టేసరికి చెవులమ్మ నవ్వు ఆగింది.

"ఎక్కడిది?"

సాక్ష్యం అంతా చెప్పింది. ఆవిడ బ్యాటరీ మూత బిగిస్తూ వింది. అంతా అయ్యాక అంది. "వ్యాసంగా వేద్దామన్నాడు. సంబరపడ్డాను. అచ్చయి వచ్చాక చూస్తే నేను లేను. ఇదేంటండీ అంటే, చూద్దాం, తరవాతి దాంట్లో వేద్దాం అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు."

"మీరు గొడవ చేయలేదా?"

"చేశాను. నోరు పెద్దదన్నారు. తరవాత ఎక్కడా చోటు దొరకలేదు. కోపం తగ్గిందనుకోకు, దాన్ని పట్టుకుని కూర్చుంటే ఈ చెవులెవరు చూస్తారని పక్కన పెట్టాను." ఆవిడ పుస్తకం దగ్గరికి లాక్కుని నూట నలభై మూడు తీసింది. ఏదో చెప్పబోయి ఆగింది. "ఇందులో ఒక సంగతుంది. అది తరవాత చెబుతాలే. ముందిది విను. నాకోసం నెత్తి మీదికి తెచ్చుకోకు. నీ డిగ్రీ పోతే నేను తెచ్చివ్వలేను."

"మీకోసం కాదండీ. నాకోసమే."

"అలాగైతే చెయ్యి," అంది చెవులమ్మ. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి చెవిలోకి లైటు వేసి చూసింది. "ముందే వచ్చుంటే బావుండేది. అయినా చూద్దాం" అని, తను అన్న మాటకి తనే చిరాకుపడి, "చూద్దాం కాదు, బుధవారం రండి" అని దిద్దుకుంది.

అక్కణ్ణించి సాక్ష్యం నేరుగా సారు గదికి వెళ్లింది. దొంగచాటుగా చేయడం ఆమెకి ఇష్టం లేదు. సంతకం పేజీ ఆయన ముందే ఉంది. కలం మూత కూడా తీసి ఉంది. ఆమె ఆకుపచ్చ పుస్తకం ఆ పేజీ పక్కన పెట్టింది.

సారు ఉలిక్కిపడలేదు. అదే ఆమెని ఎక్కువ మండించింది. "ఓ, ఇదా," అన్నాడు, పాత ఫొటో చూసినట్టు. "రాసింది తెలివైన అమ్మాయి. కాని చూడమ్మా, బైండు పుస్తకం అటకెక్కితే ఎవరు చదువుతారు? నేను అచ్చులో వేశాను గనకే ఆ మాట లోకానికి తెలిసింది. అచ్చయినదాన్నే చూపించాలి. పద్ధతి అది."

"పద్ధతి సరే సార్. అచ్చయినదాంట్లో నూట నలభై మూడో పేజీ లేదు."

"పేజీ నంబరు తీసెయ్. గొడవ వదిలిపోతుంది."

"తీసేస్తే చదివేవాళ్లు ఎక్కడ వెతుక్కుంటారు సార్?"

"ఎవరూ వెతకరమ్మా." ఆయన ప్రేమగానే చెప్పాడు. "ఇన్నేళ్లలో ఎవరైనా వెతికారా?"

"నేను వెతికాను సార్."

సారు కలానికి మూత పెట్టాడు. "నీకు ఉద్యోగం ఉంది, ఇంట్లో పరిస్థితి ఉంది, నాకు తెలుసు. సోమవారం మీటింగు అయ్యాక రా. నంబర్లు తీసేసి తీసుకురా, సంతకం పెడతాను. లేదంటే," అని ఆగి, "చూద్దాం" అన్నాడు.

ఆ ఆదివారం అమ్మ మిషను ఎక్కనే లేదు. కూతురి చుట్టూ తిరిగింది. "ఏం చేస్తావ్?" అని అడగలేదు, ఎందుకంటే తెలుసు. చివరికి "వెళ్లేటప్పుడు ఆ నలిగిన చొక్కా వేసుకోకు, ఇస్త్రీ చేసింది వేసుకో. పోట్లాటకైనా శుభ్రంగా వెళ్లాలి" అంది.

సోమవారం మీటింగులో విభాగం అంతా ఉంది. పొడుగు బల్ల, చుట్టూ పిల్లలు, ఎవరి ముందు వాళ్ల లాప్‌టాప్. గోడకి తెర. తలవైపు సారు, పక్కన అన్న. బీరువా తాళం ఉన్నవాళ్లు ఈ మధ్య ఏం శుభ్రం చేశారో చెప్పడం మీటింగులో మొదటి అంశం. ఎవరూ వినని అంశం అదే. సాక్ష్యం తన లాప్‌టాప్‌ని తెరకి తగిలించింది.

"నకలు కాని దాన్ని నకలనుకుని ఒకసారి కలిపేశారు. ఇవాళ విడదీస్తున్నాను. అందరూ చూడండి."

తెర మీద సారు వ్యాసం వివరాలు కనబడ్డాయి. ఆమె అందులో సారు పేరు చెరిపి, ఆకుపచ్చ పుస్తకం మీద ఉన్న ఆవిడ పూర్తి పేరు ఇంటిపేరుతో సహా కొట్టింది. ఏడు మార్చింది. పత్రిక పేరు తీసి, బైండు పుస్తకం, లైబ్రరీ, పై అంతస్తు అని రాసింది. ఆ తర్వాత సారు వ్యాసాన్ని కొత్తగా, విడిగా, దాని పన్నెండు పేజీలతో పెట్టింది.

"ఎవర్నడిగి చేస్తున్నావ్?" అన్నాడు సారు.

"తాళం నా దగ్గరుంది సార్. నకళ్లు ఏరడం నా పని. ఇవి నకళ్లు కావు, రెండు. మీ వ్యాసం ఎక్కడికీ పోలేదు, దాని చోట అది ఉంది. ఆవిడ పుస్తకం ఆవిడ చోట ఉంది."

ఆమె తన పుస్తకం తెరిచి రిఫ్రెష్ నొక్కింది. తెర ఒక్క క్షణం గుడ్లు తేలేసింది. తర్వాత మొదటి అధ్యాయంలో, మూడోదాంట్లో, చివర జాబితాలో, వాక్యం పక్కన వాక్యం పక్కన ఆవిడ పేరు వచ్చి కూర్చుంది. నూట పద్దెనిమిది ఇప్పుడు నూట పద్దెనిమిదే. నూట నలభై మూడు ఇప్పుడు నూట నలభై మూడే.

"వెనక్కి మార్చు."

"మార్చను సార్."

"సంతకం లేదు."

"తెలుసు సార్." ఆమె తెర మీద ఆ పేరు చూపించింది. "మార్చాలంటే మీరే మార్చండి. ఆవిడ పేరు చెరిపి మీ పేరు మీ చేత్తో కొట్టండి. అందరం చూస్తాం." అని లాప్‌టాప్ ఆయన వైపు తోసింది.

సారు కీబోర్డు వైపు చూశాడు. ఇన్నేళ్లూ ఆ పని బొత్తాం చేసింది. అక్షరం అక్షరం కూర్చుని కొట్టే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు, అదీ ఇంతమంది కళ్ల ముందు. ఆయన చెయ్యి కదల్లేదు. పక్కకి తిరిగి అన్నతో అన్నాడు. "నువ్వు మార్చు."

అన్న లేచాడు. ఎదురు చెప్పే మనిషి కాదని అందరికీ తెలుసు గనక పిల్లలు తలలు దించుకున్నారు. అన్న కీబోర్డు దాకా వచ్చి, దాన్ని ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"అప్పుడూ ఇలాగే అన్నారు సార్. నువ్వు కలిపెయ్ అన్నారు. కలిపేశాను. అప్పటినుంచీ పేజీ నంబర్లు ఎవరో ఒకరు చూస్తారని భయపడుతూనే ఉన్నాను. ఎవరూ చూడకపోతే ఇంకా భయమేసింది."

అన్న వెనక్కెళ్లి తన లాప్‌టాప్ తెరిచాడు. ఎప్పుడో డిగ్రీ తెచ్చిపెట్టిన తన పాత పుస్తకం తీశాడు. రిఫ్రెష్ నొక్కాడు. తర్వాత ఆయన పక్కనున్న పిల్ల నొక్కింది. దాని పక్కనున్నవాడు నొక్కాడు. బల్ల చుట్టూ టక్కు టక్కుమని ఆ చప్పుడు తిరిగింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

సారు లేచి వెళ్లిపోయాడు. వెళ్లిన కాసేపటికి ఆయన గదిలోంచి పెద్ద కేక వినబడింది. ఆయన అచ్చుకి పంపబోతున్న కొత్త పుస్తకం కూడా ఆ బీరువాతో రాసిందే. బొత్తాం నొక్కే శ్రమ కూడా లేకుండా ఆయన పెట్టించుకున్న ఏర్పాటు ప్రకారం, తెరవగానే అది బుద్ధిగా తనంతట తనే రిఫ్రెష్ అయింది. "నేను ఇంతకుముందే నిరూపించినట్టుగా" అని ఆయన రాసుకున్న ప్రతి వాక్యం చివరా ఇప్పుడు చెవులమ్మ పేరుంది. ఆ పుస్తకాన్ని ఆయన ఒక్కో పేరూ చేత్తో దిద్దుకుంటున్నాడో, వదిలేశాడో తెలియదు. ఇంతవరకూ బయటికి రాలేదు. చూద్దాం.

సంతకం మాత్రం ఆయన పెట్టలేదు. గైడుని మార్చుకోవడానికి సాక్ష్యం దరఖాస్తు పెట్టింది. కొత్త గైడుగా అన్న ఒప్పుకున్నాడు. "నేను కలిపినదాన్ని నువ్వు విడదీశావు, నేను సంతకమైనా పెట్టకపోతే ఎలా" అన్నాడు. కాని ఆఫీసు కాగితాలు ఆఫీసు నడకే నడుస్తాయి. నెలాఖరు దాటిపోయింది. కాలేజీ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. ఆ కబురు తెలిసిన రోజు సాక్ష్యం కుట్టుకొట్టులో గుడ్డముక్కల మీద కూర్చుని బాగా ఏడ్చింది. అమ్మ తిట్టింది, మొదట కూతుర్ని, తర్వాత సారుని, తర్వాత ఆ కాలేజీని. ఆఖరికి ఎవరూ మిగలక ఊరుకుంది. నాన్న మాత్రం కొత్త చెవి మిషను సర్దుకుంటూ, "ఏడుపు వినబడుతోందే!" అన్నాడు ఆశ్చర్యంగా. సాక్ష్యానికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

పుస్తకం అందించే ముందురోజు చెవులమ్మ ఫోను చేసింది. థాంక్స్ చెప్పడానికేమో అనుకుంది సాక్ష్యం. కాదు.

"నూట నలభై మూడో పేజీ. వాక్యం కింద పట్టిక ఉందా? మూడో వరస. అక్కడ కూడికలో తప్పు చేశాను. బైండు అయిపోయాక చూసుకున్నాను. ఆరోజు చెప్పబోయి ఆగింది అదే."

సాక్ష్యం పట్టిక తీసి కూడింది. నిజమే, తప్పే. వాక్యం మారిపోయేంత తప్పు కాదు గాని తప్పు. సారు వ్యాసం తీసి చూసింది. అదే అంకె.

"సారు వ్యాసంలోనూ ఇదే ఉందండీ."

"ఉంటుంది. చూసి రాసినవాళ్లు తప్పు కూడా చూసే రాస్తారు. ఇన్నేళ్లూ నా తప్పు కూడా ఆయన పేరు మీదే ఊరేగింది." చెవులమ్మ గొంతు ఎక్కడా తగ్గలేదు. "నీ పుస్తకంలో రాయి. ఈ అంకె తప్పని, చేసింది నేనని, నేనే చెప్పానని రాయి. నా పేరు నాకిప్పించావు కదమ్మా. తప్పు కూడా నాదే. అదీ నాకిచ్చెయ్."

సాక్ష్యం బీరువా తెరిచి ఆవిడని పిలిచింది. పేరు వచ్చి వాక్యం పక్కన కూర్చుంది. పేజీ నంబరు తన చేత్తో కొట్టి, దాని కింద తప్పు ఎవరిదో, ఎవరు చెప్పారో రాసింది.